రెండుసార్లు కడిగిన నీళ్ళు

బేతనిపేట,
ఏప్రిల్, సోమవారం

గౌరవనీయులైన భర్త గారికి,

గ్లోరీ నమస్కరించి రాయునది. సెలవు చీటీ ఎలా రాయాలో ఏడో తరగతిలో నేర్పారు. ఆ తర్వాత బడి మానేశాను కాబట్టి నాకు వేరే మొదలు తెలియదు. నవ్వకండి.

ఫోనులో ఎందుకు మాట్లాడవని మొన్న అడిగారు. అత్తకి సరిగ్గా వినపడదని స్పీకరు పెడుతుంది. స్పీకరు పెట్టగానే పక్కింటి జగ్గమ్మ చేపల బుట్ట దించి గుమ్మంలో కూర్చుంటుంది. మీరు "తిన్నావా?" అని నన్ను అడిగితే "తినీసింది బాబూ, రొండుసార్లు ఎట్టించుకున్నాది" అని ఆవిడే చెప్పేస్తుంది. ఇంక నేనేం చెప్పను? ఆదివారం మీరు ఇంటికొచ్చినా అంతే. ఇల్లంతా చుట్టాలు. నేను ఒక మాట కూడబలుక్కునే లోపల మీ బస్సు వచ్చేస్తుంది. ఇలాగైతే నయం. పాలవ్యాను గోపి రోజూ మీకు క్యారేజీ తెస్తాడు కదా. పై గిన్నెలో ప్లాస్టిక్ కవరు చుట్టి ఉత్తరం పెడుతున్నాను. కింద గిన్నెలో వంకాయ, ఎండుచేపలు ఉన్నాయి.

పాస్టరు జ్ఞానానందం గారు మళ్ళీ అడిగారు, ఈ వేసవిలోనైనా బాప్తిస్మం తీసుకుంటావా అని. తీసుకోవాలనే ఉంది. నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం రొట్టె పళ్ళెం వరసలో అందరి దగ్గరా ఆగి, బాప్తిస్మం లేదని నా దగ్గర ఆగకుండా దాటిపోతుంటే తల ఎత్తలేకపోతున్నాను. నీళ్ళంటే నాకు భయం లేదు. దానికి ముందు సంఘమంతా చూస్తుండగా నిలబడి నా విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పాలి కదా, భయం దానికే. పెళ్ళికి ముందు మా ఊళ్ళో ఒకసారి నిలబడ్డాను. నా పేరు కూడా బయటికి రాలేదు. కూర్చోబెట్టేశారు.

ఇంకొక మాట. "నీ మొగుడు దీపాలెట్టి మురుగు కడుగుతాడంట గదే! సబ్బేటి అక్కర్లేదా?" అని జగ్గమ్మ అందరి ముందూ నవ్వుతోంది. దానికి జవాబు నాకు తెలియదు. మీరు అక్కడ చేసే పని ఏమిటో రాయండి.

ఇట్లు,
మీ విధేయురాలు గ్లోరీ


ప్లాంటు గది,
బుధవారం

గౌరవనీయురాలైన భార్య గారికి,

ఎజ్రా వంగి వంగి నమస్కరించి రాయునది. నవ్వలేదు. క్యారేజీ పట్టుకున్న నా చెయ్యి మాత్రం కొంచెం కదిలింది.

జగ్గమ్మకి ఇలా చెప్పు. పట్నం మురుగంతా పెద్ద గొట్టంలో మా దగ్గరకి వస్తుంది. ముందు చెత్త ఆపుతాం. బురద అడుక్కి దిగుతుంది. తర్వాత గాలి బుడగలు పట్టిస్తాం, దాంతో వాసన పోతుంది. చివర ఒక సన్న కాలవ ఉంటుంది. అందులో గాజు గొట్టాలు, వాటిలో దీపాలు. నీళ్ళు వాటిని ఒరుసుకుంటూ పోతాయి. నీలంగా కనపడేది అసలు వెలుగు కాదంట. పని చేసేది కంటికి కనపడదు, కానీ కంటికి మంచిది కాదు, అందుకే పైన మూత వేసి ఉంచుతాం. ఆ వెలుగు తగిలిన క్రిమికి పిల్లలు పుట్టవు. ఒక్కటీ రెండు కాలేక ఆ క్రిమి అక్కడితో ఆగిపోతుంది. గాజు మీద సున్నంలా తెల్లగా పేరుకుంటే వెలుగు బయటికి రాదు. దాన్ని తుడవడమే నా ఉద్యోగంలో పెద్ద భాగం.

ఇదంతా కొత్తగా వచ్చింది. పోయినేడాది వరకు బ్లీచింగు పౌడరు కలిపేవాళ్ళం, కళ్ళు మండిపోయేవి. ఈశ్వరి మేడం ఇంజనీరుగా వచ్చాక పోరాడి ఈ దీపాలు తెప్పించింది. మిగిలిన పౌడరు డ్రమ్ములు షెడ్డులో మూలన ఉన్నాయి. మా నీళ్ళు ఆ కాలవలోంచి గెడ్డ వాగులో పడి మన ఊరు వస్తాయి. ఎండాకాలంలో మన మడుగులో ఉండేవి దాదాపు ఇవే.

సాక్ష్యం సంగతి. అందరికీ ఒకేసారి ఎందుకు చెప్పడం? ముందు నాకు చెప్పు, ఉత్తరానికి ఒక్క వాక్యం. మేడం గారు రోజూ గాజు గొట్టాలన్నీ ఒకేసారి తియ్యనివ్వదు, ఒక్కొక్కటే తుడవమంటుంది. అలాగే.

నీ విధేయుడు ఎజ్రా


బేతనిపేట,
ఏప్రిల్ చివర, శుక్రవారం

బావకి,

అత్త కొడుకువి. పెళ్ళికి ముందు బావా అనే పిలిచేదాన్ని. భర్త గారు అంటే నాకే ఎవరో అనిపిస్తోంది.

మొదటి వాక్యం: నా పేరు గ్లోరీ.

ఈ ఉత్తరానికి ఇంతే. రెండోది కూడా ఆలోచించాను, తర్వాత రాస్తాను.

బాప్తిస్మం మే రెండో ఆదివారం అన్నారు. ఇంకెక్కడా మనిషి మునిగేంత నీళ్ళు లేవు కాబట్టి గెడ్డ మడుగులోనే. దాని మీద పేటలో పెద్ద మాటలు జరిగాయి. "మురుగులో ముంచితే పాపం పోతాదో, రోగం వస్తాదో!" అని ఒకాయన అన్నాడు. అత్త ఊరుకుంటుందా? "నా కొడుకు దీపాల కింద నడిపించిన నీలురా అయ్యి! నీ నూతిలో నీలకి దీపమెట్టినావేటి ఎప్పుడైనా?" అని లేచింది. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అత్త ముందు నేను నవ్వాను. కానీ నీతో చెప్తున్నాను, నాక్కూడా కొంచెం భయంగా ఉంది. పాస్టరు గారు వెనక్కి వంచి పూర్తిగా ముంచుతారు. నాకు ఊపిరి బిగపట్టడం రాదు. నీళ్ళు నోట్లోకి పోతే ఏమవుతుంది? నువ్వు పర్లేదంటే దిగుతాను. ఇంకెవరు చెప్పినా నమ్మను.

ఒకటి అడగనా? పెళ్ళయిన కొత్తలో నీ చొక్కాలకి ఘాటుగా ఒక వాసన ఉండేది. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. నువ్వు వెళ్ళిపోయాక కూడా దండెం దగ్గర నువ్వున్నట్టే ఉండేది. ఇప్పుడా వాసన లేదు. పౌడరు మానేశారంటే సంతోషమే. ఊరికే చెప్పాను.

గ్లోరీ


ప్లాంటు గది,
మే, మంగళవారం

గ్లోరీ,

నీ మొదటి వాక్యం బాగుంది. అందులో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.

భయపడకు. నోట్లోకి పోతే అన్నావే, అది చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదు. దీపాలు మంచివే. కానీ మధ్యలో కరెంటు పోతే? గాజు మీద నేను ఒక మూల తుడవడం మర్చిపోతే? వేరే వాళ్ళయితే సరే, నువ్వు మునగబోతున్నావు. అందుకని ఒకటి అనుకున్నాను. శుక్రవారం నుంచి దీపాల తర్వాత షెడ్డులోని పౌడరు కూడా కలుపుతాను, బాగా ఎక్కువే వేస్తాను. ఒకసారి కాదు, రెండుసార్లు కడిగిన నీళ్ళు నీకు పంపిస్తాను. మేడంతో చెప్పను, దీపాల మీద నమ్మకం లేదా అంటుంది. నువ్వూ ఎవరికీ చెప్పకు. ఇది నీకూ నాకూ మధ్య.

ఆదివారం నా డ్యూటీ మార్చలేదు. నేను రాలేను. కానీ ఆ నీళ్ళు వస్తాయి, నేనే వచ్చాననుకో.

ఎజ్రా


బేతనిపేట,
ఆదివారం

బావకి,

బాప్తిస్మం జరగలేదు.

నిన్న పొద్దున్న ఉతికే బట్టలు తీసుకుని మడుగు దగ్గరకి వెళ్ళాం. నీళ్ళ మీద తెల్లగా ఏవో తేలుతున్నాయి. పువ్వులనుకున్నాను. చేపలు. పరిగెలు, జెల్లలు, పెద్ద కొర్రమీను ఒకటి, అన్నీ వెల్లకిలా ఉన్నాయి. కప్పలు కూడా. జగ్గమ్మ మోకాళ్ళ లోతులో నిలబడి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి వదిలేస్తోంది. వానలు పడేదాకా ఆ మడుగే ఆవిడకి బతుకు.

తర్వాత అందరూ వచ్చారు. వెలుగు పెట్టి నీళ్ళని విషం చేశారని అంటున్నారు. ఎండలో కాలినట్టు నీళ్ళు కాలిపోయాయట. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి దగ్గర కూర్చుని, ప్లాంటు కాలవ గెడ్డలో కలిసేచోట రాళ్ళేసి మూసేయాలో లేదో తేలుస్తారు. కింద బెండతోటల వాళ్ళు వద్దంటున్నారు, వాళ్ళకి వేరే నీళ్ళు లేవు. "ఎజ్రాగాడి దీపాలు పగలగొడితే సరి" అని ఎవరో అన్నారు. అత్త పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

మడుగు దగ్గర ఒక వాసన వచ్చింది. నాకు తెలిసిన వాసనే. నేను ఎవరితోనూ అనలేదు.

నువ్వు తిన్నావా?

గ్లోరీ


ప్లాంటు గది,
సోమవారం

గ్లోరీ,

దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఎక్కడా లోపం లేదు. నువ్వు నీళ్ళ దగ్గరకి వెళ్ళకు. ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. పని ఎక్కువగా ఉంది. రేపటి నుంచి క్యారేజీ వద్దు.

ఎజ్రా


బేతనిపేట,
మంగళవారం

బావా,

క్యారేజీ పంపిస్తున్నాను. తినకపోతే గోపి చేత వెనక్కి పంపించు, నేనే తింటాను. ఊరుకోను.

నీ ఉత్తరం ఎంత చిన్నదంటే గిన్నెలో కనపడలేదు. అందులో అబద్ధం లేదు, నిజం కూడా లేదు. నాకు వాసన తెలుసు బావా. నీ చొక్కా వాసన అది. చచ్చిపోయిన చేపల మధ్య నిలబడితే నువ్వు పక్కన ఉన్నట్టనిపించింది. అలా అనిపించినందుకు ఏడుపొచ్చింది.

నిన్న మీ ఈశ్వరి మేడం వచ్చింది. ఎండలో గట్టు మీద నిలబడి సీసాల్లో నీళ్ళు పట్టుకుంది. వెలుగు నీళ్ళలో ఏమీ మిగల్చదు, దాటిపోతుంది, అది చేపని చంపదు అని చెప్పింది. ఎవరూ వినిపించుకోలేదు. "నువ్వు తాగు సూద్దుం!" అని అరిచారు. ఆవిడ తాగడానికి కాదని అంటే "సూసినారా!" అని ఇంకా అరిచారు. ఆవిడకి సీసా మూత పట్టడం లేదు. నేను అక్కడే ఉన్నాను. నాకు తెలుసు. నోరు తెరవలేదు. చెయ్యని దానికి ఆవిడ మాటలు పడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

నువ్వు నా కోసం చేశావు. నోట్లోకి పోతే ఏమవుతుందని అడిగింది నేను. అందుకని సగం నాది. కానీ నా సగం నేను మోయాలంటే నీ సగం నువ్వు ముందు చెప్పాలి. మేడంతో చెప్పు బావా. ఉద్యోగం పోతే పోనీ, బెండకాయలు కోసైనా బతుకుతాం. ఆ దీపాలు మాత్రం పగలనివ్వకు. అవి ఏ తప్పూ చెయ్యలేదు.

రెండో వాక్యం: నా భర్త మంచివాడు, అందుకే భయపడుతున్నాడు.

నీ గ్లోరీ


ప్లాంటు గది,
శుక్రవారం

నా గ్లోరీకి,

చెప్పేశాను.

మేడం ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని విన్నది. తిడుతుందనుకున్నాను. కానీ ఇలా అంది: "ఎజ్రా, వెలుగు తన పని చేసి వెళ్ళిపోతుంది. నీ పౌడరు నీళ్ళతో పాటే గెడ్డలోకి వెళ్తుంది. మురుగులో మిగిలినదానితో కలిసి ఇంకా మొండికేస్తుంది. మనకి కళ్ళు మండుతాయి, చేపకి మొప్పలు కాలిపోతాయి. అందుకే కదయ్యా ఈ దీపాల కోసం నేను అన్ని ఆఫీసులు తిరిగింది!"

నోట్లోకి పోతుందని భయపడ్డానని చెప్పాను. అది తప్పు భయం కాదంట. వెలుగు క్రిమిని ఆపుతుంది కానీ జనం వాడిన మందులూ సబ్బులూ నీళ్ళలో అలాగే ఉంటాయంట, అందుకే తాగకూడదు. "భయమేస్తే నన్ను అడగాలి. నాలుగు చినుకులు పడి కొత్తనీరు కలిసేదాకా ఆగమనేదాన్ని" అంది. అంత చిన్న సంగతి అడగడం నాకు చేత కాలేదు గ్లోరీ. నువ్వు నన్ను అడగగలిగావు. నేను ఎవరినీ అడగలేకపోయాను.

ఉద్యోగం ఉంది. దీపాల దగ్గర నుంచి తీసేసి బురద ఎత్తే పనిలో వేశారు. వానలొచ్చేదాకా సెలవు లేదు. ఆదివారం కూటానికి నేను రాలేను. మేడం వస్తే వినరు. నువ్వు మాట్లాడక్కర్లేదు, ఈ ఉత్తరం పాస్టరు గారి చేతిలో పెట్టు, ఆయన అందరికీ చదువుతారు. జగ్గమ్మని క్షమించమన్నానని ఇందులో రాసినట్టే.

బురదలో నిలబడినా నీ ఎడమ చెవి కింద పుట్టుమచ్చ గుర్తొస్తే నాకు ఏ వాసనా తెలియడం లేదు. ముద్దు పెట్టుకుంటే నువ్వు మెడ ముడుచుకుంటావు చూడు, తాబేలులాగా, అది తలుచుకునే ఈ వారం గడిపాను.

నీ ఎజ్రా


బేతనిపేట,
ఆదివారం

బావా,

నీకు బుద్ధి ఉందా? చర్చిలో చదివించాల్సిన ఉత్తరంలో పుట్టుమచ్చ రాస్తారా? తాబేలట! జ్ఞానానందం గారు కళ్ళజోడు పెట్టుకుని సంఘమంతటికీ అది చదివితే నేను గెడ్డలో దూకాల్సిందే.

ఆఖరి ముక్క చింపేద్దామనుకున్నాను. వెనకవైపు మేడం మాటలున్నాయి. ఇంక ఏం చెయ్యను? ఉత్తరం జాకెట్లో దోపుకుని కూటానికి వెళ్ళాను. రాళ్ళ ట్రాక్టరు అప్పటికే వచ్చి గేటు దగ్గర నిలబడింది. పాస్టరు గారు "ఇంకెవరైనా మాట్లాడతారా?" అన్నారు. నేను లేచాను.

"నా పేరు గ్లోరీ" అన్నాను. అది వచ్చింది బావా. ఎన్నిసార్లో రాసుకున్నాను కదా, వచ్చేసింది.

రెండోది కూడా చెప్పాను. ఆ తర్వాతవి ముందుగా అనుకోనివి. నీళ్ళు నోట్లోకి పోతే అని నేను అడిగానని, నువ్వు నాకోసం పౌడరు వేశావని, చేపల్ని చంపింది వెలుగు కాదు, ఆ పౌడరని, మేడంకి ఏమీ తెలియదని చెప్పాను. మధ్యలో ఒకసారి తడుముకున్నాను. అత్త వెనక నుంచి "సెప్పమ్మా, ఇనపడతన్నాది" అంది. అత్తకి వినపడిందంటే నేను ఎంత గట్టిగా మాట్లాడానో చూడు.

జగ్గమ్మ గోడవతల నిలబడి వింటోంది. "ఓలమ్మో! ఈ గుంటకి నోరున్నాదేటర్రా!" అంది. తర్వాత ముఖం మారింది. "పెళ్ళాం మునుగుతాదని నా సేపలన్నిట్నీ సంపీసినాడా ఆడు! నానేటి తినాల వానలొచ్చీదాకా?" అంది. నేను క్షమించమన్నాను. ఆవిడ క్షమించలేదు. "ఈ మాటలు నాకొద్దు. నానే ఎల్తాను. నా సేపని ఆడి నీలలో ఏసి నా కళ్ళతో సూస్తాను. సచ్చిందా, నానే రాళ్ళేసి మూసీస్తాను" అంది.

దానికి అందరూ ఒప్పుకున్నారు. ట్రాక్టరు వెనక్కి వెళ్ళింది. రేపు జగ్గమ్మ గోపి వ్యానులో వస్తుంది. ఆవిడకి కూడా కలిపి అన్నం పెట్టాను. ఏమన్నా పడు.

నీ గ్లోరీ


ప్లాంటు గది,
మంగళవారం

తాబేలుకి,

క్షమించు. ఇంకెప్పుడూ రాయను. ఇదే ఆఖరిసారి.

జగ్గమ్మ వచ్చింది. కుండలో వేరే చెరువు పరిగెలు తెచ్చింది. మేడం రెండు తొట్లు పెట్టించింది. ఒకదాంట్లో దీపాల కింద నడిచిన నీళ్ళు, రెండోదాంట్లో అవే నీళ్ళలో కొంచెం పౌడరు. "నీ సేత్తో ముట్టుకోకు, నువ్వు ముట్టుకుంటే సస్తాయి" అని నన్ను దూరంగా నిలబెట్టి తనే చేపలు వేసింది. తొట్ల పక్కనే కొంగు పరుచుకుని కూర్చుంది.

పౌడరు తొట్లో చేపలు మధ్యాహ్నం లోపలే పక్కకి ఒరిగాయి. జగ్గమ్మ నా వైపు చూసింది. ఆ తిట్లు రాయను, నువ్వు బాప్తిస్మం తీసుకోవాల్సిన దానివి. రెండో తొట్లోవి సాయంత్రానికి ఆవిడ మెతుకులు వేస్తే పైకొచ్చి తింటున్నాయి. ఇవాళ పొద్దున్న మళ్ళీ వచ్చి చూసింది. అలాగే తిరుగుతున్నాయి.

"దీపాలకేటీ అనకండి. ఈడి సెయ్యి మాత్రం కట్టీయండి" అని మేడంతో చెప్పి, నా క్యారేజీ మొత్తం తినేసి వెళ్ళింది. మేడం చాలా రోజుల తర్వాత నవ్వింది. వానలు పడేదాకా జగ్గమ్మకి ఇక్కడి మొక్కలకి నీళ్ళు పెట్టే పని ఇస్తానంది. పౌడరు డ్రమ్ములు పంపించేస్తున్నారు. షెడ్డు నేనే కడుగుతున్నాను.

నాకు ఆకలేస్తోంది. రేపు రెండు గిన్నెలు ఎక్కువ పెట్టు.

ఎజ్రా


బేతనిపేట,
జులై, ఆదివారం

బావా,

ఇవాళ జరిగింది. నిన్ను మళ్ళీ దీపాల దగ్గర డ్యూటీలో వేసిన మొదటి ఆదివారం ఇదే, నువ్వు రాలేకపోవడం ఒకందుకు నయమే. నువ్వు వచ్చి గట్టు మీద నిలబడితే నేను సిగ్గుతో చచ్చేదాన్ని.

గెడ్డ నిండుగా ఉంది. రామతీర్థం కొండ మీద మబ్బు ఇంకా దిగలేదు. వాన నీళ్ళూ నీ నీళ్ళూ కలిసి వస్తున్నాయి, ఏవి ఏవో తెలియడం లేదు. మేడం చెప్పినట్టు నోరు గట్టిగా మూసుకోమన్నారు పాస్టరు గారు. ఊపిరి బిగపట్టడం నేను బిందెలో ముఖం పెట్టి నేర్చుకున్నాను.

సాక్ష్యం ఏం చెప్తావని అడిగారు. "ఇదివరకే చెప్పీసినాది గదయ్యా, ట్రాక్టరు ఎనక్కెల్లిపోలేదా!" అని గట్టు మీంచి జగ్గమ్మ అంది. అందరూ నవ్వారు. అయినా నిలబడి చెప్పాను. నా పేరు గ్లోరీ అని మొదలుపెట్టాను. పెద్దగా ఏమీ లేదు, నీకు తెలిసినవే.

మడుగులోకి దిగాను. నడుము లోతు వచ్చింది. పాస్టరు గారు వీపు మీద చెయ్యి వేసి, "నీవు విశ్వసించుచున్నావా?" అని అడిగారు. సరిగ్గా అప్పుడే నా మడమ దగ్గర ఏదో పొడిచింది. ఇంకోటి. వేళ్ళ సందుల్లో చక్కిలిగిలి పెడుతున్నాయి. అవును అనాల్సిన చోట నవ్వేశాను బావా. ఆయన కంగారుపడి "ఏమ్మా?" అన్నారు. "చేపలండీ" అన్నాను. గట్టు మీద సంఘం పాడుతుంటే జగ్గమ్మ పాట మధ్యలోనే "సేపలొచ్చీసినాయర్రా!" అని కేక పెట్టింది. అప్పుడు అవును అన్నాను. గట్టిగానే అన్నాను.

మునిగినప్పుడు కళ్ళు మూసుకోలేదు. లోపల ఆకుపచ్చగా, చల్లగా ఉంది. వాసన ఏమీ లేదు. నువ్వు వస్తావన్నావు కదా, వచ్చావు.

మధ్యాహ్నం ప్రభు భోజనం పళ్ళెం నా దగ్గర ఆగింది.

జగ్గమ్మ ఇప్పుడే వల తీసింది. తొలి చేపలు అమ్మకుండా నాలుగు తెచ్చి మా అరుగు మీద పెట్టి, "ఆడి నీలలో పెరిగినయ్యి. ముందు ఆడు తినాల, సస్తాడో బతుకుతాడో సూద్దుం" అంది. పులుసు పెట్టి పంపిస్తున్నాను, కింద గిన్నెలో ఉంది. పరిగెలు కదా, సన్న ముళ్ళు ఉంటాయి. తొందరపడకుండా తిను.

నీ గ్లోరీ